నాపాలో కరివేపాకు మొక్క

నాపా అంటే ఏమిటో చెప్పండి చూద్దాం? ఊఁ, సహస్రా, ముందు నువ్వు. వైన్ అంటావా? సరే. నువ్వురా చిన్నూ? నీకూ వైనేనా? అక్క చెప్పింది కాపీ కొట్టడం కాదు నాన్నా, సొంతంగా ఒక్కటి చెప్పు. తెలీదు కదూ. తెలీకపోతే తెలీదనడమే మంచిది, బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో నేను దానికి సగం మార్కు వేసేదాన్ని.

మీ అమ్మా నాన్నా యానివర్సరీకి విమానమెక్కి వెళ్ళింది అక్కడికే. పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కణ్ణుంచి నీకేం తెమ్మంటావు?" అంది. ఏమీ వద్దన్నాను. అంతలా విసుక్కున్నావేం అమ్మమ్మా, నువ్వు కూడా అక్కడ ఉన్నావు కదా, అని నువ్వు అడుగుతున్నావు. ఉన్నాను. మీ వసంత పెద్దమ్మ అప్పట్లో ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. నేనూ మీ తాతయ్యా దగ్గర దగ్గర ఏడాది ఉన్నాం, మధ్యలో వీసాకి ఎక్స్‌టెన్షన్ పెట్టించుకుని మరీ. సరే, కూర్చోండి. గరాజ్ చలిగా ఉంది, ఆ దుప్పటి ఇద్దరూ కప్పుకోండి. నేను చలికని లోపల పెట్టిన ఈ కరివేపాకు మొక్క ఆకులు తుడుస్తూ చెప్తాను. చేతికి పనుంటేనే నాకు మాట సాగుతుంది.

తాతయ్య మీకు గుర్తున్నాడా? చిన్నూకి ఉండడు, వీడప్పుడు పాకుతున్నాడు. నీకు ఉండాలి మరి. తెనాలి వచ్చినప్పుడు నీ నెత్తి వాసన చూసి, "ఇవాళ దీనికి నూనె రాయలేదు, సబ్బుతో మోసం చేశారు" అనేవాడు. ఆ, అదే, చక్కిలిగింతలు పెట్టే తాతయ్య. ఆ ముక్కు మామూలు ముక్కు కాదమ్మా. ఇది కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు ఎక్కదు.

మన ఇళ్ళల్లో దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంట రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? వాసనతోనే తెలియాలి. పెళ్ళి వంటల్లో అయితే వందలమందికి వండుతారు, పొరపాటు అయితే పరువు పోతుంది. అందుకని వంటవాళ్ళు మీ తాతయ్యకి కబురు పెట్టేవాళ్ళు. ఈయన వెళ్ళి, గాడిపొయ్యి దగ్గర, అంటే నేల తవ్వి పెట్టే పొడుగాటి పొయ్యి, దాని దగ్గర వంగి, పులుసు ఆవిరిని చేత్తో ఇట్లా ముక్కువైపు తోసుకుని, "చింతపండు పచ్చివాసన పోలేదు, ఇంకో పొంగు రానీ. ఉప్పు ఇంకో గుప్పెడు" అనేవాడు. ఉద్యోగం కాలవల ఆఫీసులో గుమాస్తా. జీతం ఆఫీసులో, గౌరవం గాడిపొయ్యి దగ్గర. ఒకసారి మా చిన్నాడపడుచు పెళ్ళిలో, ఆవిడే, బాపట్లలో ఉంటుంది, సెల్లో గట్టిగా అరుస్తుంది, ఆవిడ... అది వద్దులే, దారి తప్పుతున్నాను.

గొంతులో గడ్డ వచ్చింది ఆయనకి. గుంటూరులో కరెంటు పెట్టారు. కరెంటంటే షాక్ కాదురా చిన్నూ, రేడియేషన్, మావైపు అట్లా అంటాం. గడ్డ కరిగింది. గడ్డతో పాటు రుచీ వాసనా కూడా పోయాయి. వస్తాయి, ఓపిక పట్టండి అన్నాడు డాక్టరు. పట్టాం. రాలేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్టముక్కలా ఉందనేవాడు. మనిషి సగమైపోయాడు. ఇట్లాగే తినకపోతే ముక్కులోంచి ట్యూబు వేసి పాలూ జావా పోస్తామన్నారు. ఈయన నా వంక చూసి, "ముక్కులోంచా?" అన్నాడు. ఆ మనిషికి ఆ ముక్కులోంచి. జబ్బుకి భయపడలేదు గానీ దానికి భయపడ్డాడు. అప్పుడు వసంత, "నాన్నని నా దగ్గరికి తీసుకురా అమ్మా, ఎట్లాగైనా తినిపిద్దాం" అంటే బయల్దేరాం.

చేరింది ద్రాక్ష కోతలప్పుడు. అటొక కొండ వరస, ఇటొక కొండ వరస, మధ్యలో సన్నగా, పొడుగ్గా లోయ. మనం నాగటి చాలు గీస్తామే, అట్లా. పొద్దున్నే సముద్రం మీంచి మంచు వచ్చి నింపేస్తుంది, మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తుంది. ఆ చలీ ఎండా ద్రాక్షకి పడతాయి కాబట్టే అంత పేరు. కోతలప్పుడు లోయ మొత్తం పులిసిన వాసన. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, ఈయన కారు అద్దం దించి, "ఎట్లా ఉంది? చెప్పు, ఎట్లా ఉంది?" అని ఒకటే అడగడం. చెప్పాను. పొంగిపోయిన ఇడ్లీ పిండీ, మగ్గిపోయిన జామకాయలూ కలిసినట్టుంది అని. కళ్ళు మూసుకుని విన్నాడు. పిల్లలకి చూడని దేశాలు మ్యాపు మీద చూపించినట్టు, నేను ఆయనకి వాసనలు నోటితో చెప్పడం అక్కణ్ణుంచి మొదలైంది.

వసంతకి సెలవు దొరికితే చాలు మమ్మల్ని కార్లో వేసుకుని బయల్దేరేది. ఊరు చూడ్డానికి కాదు, ఆయన ముక్కుకి ఏదైనా తగులుతుందేమోనని. అందరూ ఆ లోయకి తాగడానికి వస్తారు, మేము వాసన వెతుక్కుంటూ తిరిగాం. అట్లా తిరగబట్టే ఆ లోయలో వైను కాక ఏముందో నాకు తెలిసింది. పై చివర కాలిస్టోగా అని ఊరుంది, అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు చిమ్ముకొస్తాయి, బూడిద కలిపిన వేడి బురదలో మనుషులు మెడదాకా పడుకుంటారు, ఒళ్ళు నొప్పులు పోతాయట. గంధకం వాసన, సహస్రా, సల్ఫర్ అంటారే, కోడిగుడ్డు కుళ్ళితే ఎట్లా ఉంటుందో అట్లా. నీ అంత పిల్లాడొకడు ముక్కు మూసుకుని ఛీఛీ అని గెంతుతున్నాడు. ఈయన ఆ నీళ్ళ చుట్టూ వేసిన కంచె మీద వంగి, వంగి, "ఆ పిల్లాడికి వస్తోందే" అన్నాడు.

చలికాలంలో ద్రాక్ష తీగలన్నీ ఎండుపుల్లలైతే వాటి మధ్య ఆవచేలు పూస్తాయి. ఆవ అంటే మన పోపులో ఆవాలే. మైళ్ళకొద్దీ పసుపు. ఫొటోలు తీసుకునేవాళ్ళు రోడ్ల మీద కార్లు ఆపేస్తారు. నేను పువ్వు నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. తల అడ్డంగా ఊపాడు. పక్కింటి మేరీ అని ముసలావిడ ఉండేది, మా ఈడుదే. ఆవిడ చిన్నప్పుడు ఆ లోయలో ప్లమ్ తోటలు ఉండేవట, ఆ పళ్ళు ఎండబెడుతుంటే ఊరంతా బెల్లం కాచినట్టు ఘుమఘుమలాడేదట. ద్రాక్షకి డబ్బొస్తోందని అన్నీ కొట్టేశారు, వాళ్ళ నాన్నది కూడా. "ఇప్పుడా వాసన నా తలలోనే ఉంది" అంది. నేను ఆయనకి తెలుగులో చెప్తే, "ఆవిడకి తలలో అన్నా ఉంది" అన్నాడు.

కానీ ఆయన పరిశీలనే పరిశీలన. ద్రాక్ష వరసల చివర గులాబీ చెట్లు ఎందుకు? తెగులు ముందు గులాబీకి తగిలి తెలుస్తుందని పెట్టేవాళ్ళట. పొలంలో గుడ్లగూబలకి చెక్కపెట్టెలు ఎందుకు? ఎలకల్ని తింటాయి. గొర్రెలు గడ్డి మేస్తాయి, తీగలు చిగురేసే రోజుల్లో మంచు పడుతుందని తెల్లవారుజామున పెద్దపెద్ద ఫ్యాన్లు హెలికాప్టర్లా మోగుతాయి, ఊరికి నిద్ర ఉండదు, ఎవరూ ఏమీ అనరు. ఆవచేలు కూడా అందానికి కాదు, నేల బాగుకోసం. "ఏమే సుభద్రా, ఇక్కడ ద్రాక్షతీగ మగపెళ్ళివారు, మిగిలిన ఊరంతా ఆడపెళ్ళివారు" అన్నాడు. నవ్వుకున్నాం. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది నాకు.

వైన్ తాగావా అంటావేమిటే, లేదు. కానీ ఒకసారి వైను రుచి చూపించే కొట్లోకి వెళ్ళాం. వసంతతో పనిచేసే ఆవిడ చెప్పిందట, తాగక్కర్లేదు, వాసన చూసినా చాలు అని. పాలరాతి బల్ల, పెద్దపెద్ద గాజుగ్లాసులు. అందరూ గ్లాసు గిరగిరా తిప్పి, ముక్కు అందులో పెట్టి, చెర్రీ అంటారు, పొగాకు అంటారు, వానపడ్డ మట్టి అంటారు. మీ తాతయ్య వాళ్ళ వంక చూసిన చూపు ఉందే, ముసలి పహిల్వాను కుస్తీ చూస్తాడే, అట్లా. పోసే అమ్మాయి నవ్వుతూ గ్లాసు ఇచ్చి, మీకేం తెలుస్తోంది సర్ అంది. ఈయన వంగి, పులుసు దగ్గర తోసుకున్నట్టే చేత్తో గాలి తోసుకుని, చాలాసేపు చూశాడు. తలెత్తి గంభీరంగా, "వసంతా, ఉప్పు సరిపోయిందని చెప్పమ్మా ఆ అమ్మాయితో" అన్నాడు. ఆ పిల్లకి ఏం అర్థమైందో, పగలబడి నవ్వింది. మేమూ నవ్వాం. కార్లో కూర్చుని సీటుబెల్టు పెట్టుకున్నాక, "నీళ్ళలా ఉందే" అన్నాడు.

ఆ తర్వాత వచ్చాడు కిరణ్. మా తమ్ముడి కొడుకు, అప్పుడు దక్షిణాన లాస్ ఏంజెలెస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు. స్ప్రింగ్ బ్రేక్‌కి మామయ్యని చూడ్డానికి వస్తూ, అక్కడ ఎవరో ఆంటీ పెరట్లోంచి కుండీలో కరివేపాకు మొక్క తెచ్చాడు. ముందు సీట్లో పెట్టి, బెల్టు కట్టి, పైన పలచటి దుప్పటి కప్పి. "మామయ్యా, పెళ్ళికూతుర్ని తీసుకొచ్చినంత జాగ్రత్తగా తెచ్చాను, దారిలో ఒక్క బ్రేకు గట్టిగా వేస్తే ఒట్టు" అన్నాడు. మా రోజుల్లో కరివేపాకు కొనడమే లేదు, కూరలమ్మి రెండు రెబ్బలు ఊరికే పడేసేది, పడేయకపోతే పోట్లాడేవాళ్ళం. అక్కడేమో మనవాళ్ళ కొట్లున్న ఫ్రీమాంట్ దాకా వెళ్ళి కొనాలి, తెచ్చాక ఫ్రిజ్‌లో నల్లబడుతుంది. అందుకని మొక్క రాగానే నాకు ఇంట్లోకి మనిషి వచ్చినట్టుంది. వంటింటి కిటికీ దగ్గర ఎండ పడేచోట పెట్టాను.

మీ తాతయ్య రోజూ పొద్దున్నే ఒక్క ఆకు తుంపి, వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఏమీ రాదు. ఆకు జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ. నేను పప్పు కడుగుతూ చూడనట్టు చూసేదాన్ని. అట్లా నెల దాటింది. ఒకరోజు పోపుకి నెయ్యి కాగుతోంది, అప్పుడే తుంపిన రెబ్బ వేశాను, చిటపటమంది. వెనకనించి, "సుభద్రా" అన్నాడు. తిరిగి చూస్తే గోడ పట్టుకుని నిలబడ్డాడు. "వస్తోందే. సన్నగా... పక్కింట్లోంచి వచ్చినట్టు. కానీ వస్తోంది."

ఆ పూట చారన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. చిన్న విషయంలా ఉంది కదూ మీకు? వసంత డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫారం విప్పకుండా వంటింట్లో కింద కూర్చుని ఏడ్చింది. అక్కణ్ణుంచి రోజూ అదే వంట. కరివేపాకు చారు, కరివేపాకు పొడి, కరివేపాకు మజ్జిగ. బుగ్గల్లో కాస్త నిండుదనం కనిపించింది. ట్యూబు మాట ఎవరూ ఎత్తడం మానేశారు.

ఇప్పుడు హెక్టర్ సంగతి చెప్పాలి. తొందరపడకురా, వస్తున్నాను.

ద్రాక్షతీగని చంపే తెగులొకటి ఉంది. దాన్ని మోసుకొచ్చే పురుగు ఆ రాష్ట్రం దక్షిణాన ఉంది, నాపాలో లేదు. రాకూడదని వాళ్ళ కాపలా. ఇళ్ళ పెరళ్ళల్లో కూడా జిగురు పూసిన పసుపు అట్టలు వేలాడదీసి, వ్యవసాయశాఖ మనిషి వచ్చి చూసుకుని వెళ్తూ ఉంటాడు. మా నిమ్మచెట్టుకీ ఒకటి ఉండేది. ఆ వచ్చే మనిషే హెక్టర్. నడివయసు, మర్యాదస్థుడు. అట్ట చూసుకుని పోదామనుకుంటాడు, మీ తాతయ్య పోనిస్తేనా? గుమ్మందాకా వచ్చిన మనిషిని ఒట్టి నోటితో పంపడం ఆయన ఒంట్లో లేదు. గేటు దగ్గరే పట్టుకుని, "టేక్ సమ్‌థింగ్ అండ్ గో" అని మజ్జిగ ఇచ్చేవాడు. మొదట్లో మొహమాటపడ్డా తర్వాత్తర్వాత అతనే మెట్టు మీద కూర్చుని తాగేవాడు. వాళ్ళమ్మ కూడా ఇట్లాగే, ఎవర్నీ తినకుండా పోనివ్వదని చెప్పాడు. ఇద్దరికీ భాష సగం సగమే. స్నేహం మాత్రం పూర్తిగానే.

వాసన తిరిగొచ్చాక హెక్టర్ వచ్చిన మొదటిసారి, ఈయనకి సంతోషం పట్టలేదు. ఎవరికైనా చెప్పాలి కదా మరి. "సుభద్రా, ఇవాళ మజ్జిగలో రెబ్బ నలిపి వెయ్యి" అన్నాడు. వేశాను. హెక్టర్ తాగి, బావుంది, ఇదేం ఆకు సర్ అన్నాడు. ఈయన అతని చెయ్యి పట్టుకుని, "కమ్, కమ్, ఐ విల్ షో" అని లోపలికి, వంటింట్లోకి తీసుకొచ్చాడు. కొత్త కోడల్ని చూపించినట్టు మొక్కని చూపించాడు. నా జబ్బు ఇదీ, నా ముక్కు ఇదీ, దీంతో తిరిగొచ్చింది అని చేతులతో చెప్పాడు. "మై నెఫ్యూ బ్రాట్. ఫ్రమ్ లాస్ ఏంజెలెస్!"

హెక్టర్ మొహంలో నవ్వు పోవడం నేను చూశాను. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. పెన్నుతో ఒక ఆకుని తిరగేశాడు. అడుగున చిన్న మచ్చలాగా, తెల్లపొడి అంటినట్టు, గుడ్ల వరస. నేను రోజూ తుంపుతున్నా ఏనాడూ ఆకు తిరగేసి చూడలేదు. ఎవరు చూస్తారు? గ్లాసు బల్ల మీద పెట్టి, చాలా మెల్లిగా అడిగాడు. "సర్, ఇది నాకెందుకు చూపించారు?"

ఈయనకి అర్థం కాలేదు. నాకైంది.

అతను కారులోంచి నల్ల సంచులు తెచ్చాడు. ఒక్కడూ కుండీ ఎత్తుతూ సంచి పట్టుకోలేకపోతుంటే, మీ తాతయ్య వెళ్ళి సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. అతిథి కష్టపడుతున్నాడని. మందు కొట్టి మళ్ళీ తెచ్చిస్తాడనుకున్నాడమ్మా. టేపు చుట్టాక, "వెన్ యూ విల్ బ్రింగ్?" అని అడిగాడు. హెక్టర్ నేల చూస్తూ, "నో సర్. ఐయామ్ సారీ" అన్నాడు. తర్వాత వాళ్ళ ఆఫీసునుంచి వసంతకి ఫోన్ చేసి చెప్పారు, అవి ఆ పురుగు గుడ్లేనని. మళ్ళీ ఇట్లా మొక్కలు తేవద్దని చెప్పి వదిలేశారు. కిరణ్ పాపం ఫోన్‌లో ఏడ్చాడు, వాడికేం తెలుసు.

ఏమిటీ? హెక్టర్ బ్యాడ్ గై కాదా అంటావా? కాదురా. అదే నా బాధ. చెడ్డవాడైతే ఇన్నేళ్ళూ హాయిగా తిట్టుకునేదాన్ని. అతను చేసింది సరే. ఆ గుడ్లు పగిలి పురుగులొస్తే ఎందరి తోటలో పోయేవి. అందరూ సరిగ్గానే చేశారు. సరిగ్గా చేసి, అంత పెద్ద లోయలో నా వంటింట్లో ఉన్న ఆ ఒక్క కుండీ పట్టుకుపోయారు. మగపెళ్ళివారు కదా.

వసంత మర్నాడే ఫ్రీమాంట్ వెళ్ళి పెద్ద కట్ట తెచ్చింది, తాజాది, పచ్చగా నిగనిగలాడుతూ. అదే నెయ్యి, అదే మూకుడు, చిటపటమంది. ఆయన వచ్చి నిలబడ్డాడు. "రావట్లేదు" అన్నాడు. ఎందుకు రాలేదో నాకు తెలీదు. డాక్టర్లని అడిగితే అట్లా వస్తూ పోతూ ఉంటుందన్నారు. తెలీకపోతే తెలీదనడమే మంచిదని మీకు చెప్పాను కదా.

మళ్ళీ హెక్టర్ వచ్చే రోజు వచ్చింది. గేటు చప్పుడైంది. ఈయన కుర్చీలోంచి లేచి, గదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చున్నాడు. "లేనని చెప్పు" అన్నాడు. ఆ ఇంట్లో కాదు, తెనాలిలో కాదు, మా పెళ్ళయిన తర్వాత ఏ ఇంట్లోనూ ఆయన నోటివెంట ఆ మాట నేను వినలేదు. అప్పులవాళ్ళు వచ్చినా కుర్చీ వేసి కాఫీ ఇచ్చిన మనిషి. హెక్టర్ అట్ట చూసుకున్నాడు, రాసుకున్నాడు, మెట్టు దగ్గర కాసేపు నిలబడ్డాడు. నేను కిటికీ తెర వెనకే ఉన్నాను. వెళ్ళిపోయాడు. లోపలికొచ్చి చెప్పాను, వెళ్ళిపోయాడండీ అని. "మజ్జిగ ఇచ్చావా?" అన్నాడు. లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంక చెప్పేదేం లేదు. తిండి తగ్గింది, ఇంటికి వెళ్ళిపోయాం. గుంటూరులో ట్యూబు వేశారు. ఆ ముక్కులోంచే. ఆ ఏడాది తిరగలేదు.

ఏడవకే పిచ్చిపిల్లా. ఇట్లా రా. మీ అమ్మకి నాపా అంటే అదొక అందమైన ఊరు, అందమైనదే, నేను కాదనను. ఫొటోలు పంపితే బాగున్నాయనే చెప్తాను. మీరు పెద్దయ్యాక మీరూ వెళ్ళండి, ఆ వేడినీళ్ళు చూడండి, ఆవచేలు చూడండి. నోటికి రుచీ ముక్కుకి వాసనా మీకెప్పుడూ చల్లగా ఉండాలి, అంతకంటే నాకేం అక్కర్లేదు.

అదిగో బెల్లు. పార్సిళ్ళు తెచ్చే యూపీఎస్ అతనేమో. సహస్రా, వెళ్ళి చూడు. ఎండలోంచి... చలిలోంచి వచ్చి ఉంటాడు, ఫ్రిజ్‌లో మజ్జిగ ఉంది, కావాలేమో అడుగు, ఇవ్వు. కరివేపాకు మాత్రం వెయ్యకు. నేనింకా ఈ కింది కొమ్మల ఆకులు తిరగేసి తుడవాలి, చీకటి పడితే అడుగు కనిపించదు. ఆ తడిగుడ్డ ఇటు అందుకోరా చిన్నూ.